వెర్లా జేబులో లేని కాగితం

వెర్లా స్టెనెర్సన్ పగలు బడి బస్సు నడిపేది. గొర్రెలు ఈనే కాలంలో రాత్రిళ్ళు కయోటీలను కాల్చేది. ఈ రెండు పనులూ ఆమెకన్నా బాగా చేసేవాళ్ళు డ్రమ్ క్రీక్ లోయలో లేరని అందరూ ఒప్పుకునేవారు. మా వాళ్ళు ఒక మాట మీద ఒప్పుకోవడం ఎంత అరుదో తెలిసినవాళ్ళకు అది ఎంత పెద్ద మెచ్చుకోలో అర్థమవుతుంది.

రాకీ కొండలకు తూర్పున, గాలి తప్ప ఏదీ ఊరికే దొరకని నేల మాది. ఇక్కడ గొర్రెలే బతుకు. గొర్రెలకు కయోటీలే యముళ్ళు. నక్కకన్నా పెద్దది, తోడేలుకన్నా చిన్నది, తెలివిలో రెండింటినీ మించినది ఆ జంతువు. ఏప్రిల్ నెలలో గొర్రె నేల మీద పడి ఈనుతుంటే పక్కన కూర్చుని చూస్తుంది. పిల్ల బయటికి వచ్చాక తల్లి లేచేలోపు పట్టుకుపోతుంది.

వెర్లా తండ్రి ప్రభుత్వ జీతం మీద వాటికి ఉచ్చులు పెట్టేవాడు. కొడుకులు లేకపోవడంతో విద్యంతా కూతురికి నేర్పాడు. అరచెయ్యి వెనక పక్క పెదాలకు ఆనించి, చస్తున్న కుందేలు ఎలా అరుస్తుందో అలా అరిచేది ఆమె. ఆ అరుపుకు మైలు అవతలి కయోటీ కూడా లేచి వచ్చేది. భర్త ఆర్నీ ట్రాక్టరు బోల్తాపడి పోయాక పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఏప్రిల్ వచ్చిందంటే ఆమె ఫోను మోగుతూనే ఉండేది. డబ్బు తీసుకునేది కాదు. ఎవరైనా ఒక గొర్రె తొడ ఇస్తే వద్దనేది కూడా కాదు.

ఆమె ఒక నియమం పెట్టుకుంది. దీపం వెలుగులో కళ్ళు మెరిసినంత మాత్రాన కాల్చదు. ఆ జంతువు పక్కకు తిరిగి ఒళ్ళంతా కనిపించాలి. “కళ్ళు కుక్కకీ ఉంటాయి, దూడకీ ఉంటాయి” అనేది.

నేను ఐరిస్ పెల్కీని. మా కౌంటీ కోర్టులో ఇరవై ఆరేళ్ళు గుమాస్తాగా చేశాను. జరిగినదాంట్లో సగం నా చేత్తోనే టైపు చేశాను కాబట్టి ఇది చెప్పే హక్కు నాకుంది. చెప్పాల్సిన బాధ్యత కూడా ఉందని ఈమధ్య అనిపిస్తోంది.

ఒక చలికాలంలో నగరం నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు రోడ్డు మీద బండి ఆపి, పెద్ద దీపం వేసి, కయోటీ అనుకుని హాల్వర్‌సన్‌ల సూడి గుర్రాన్ని కాల్చి చంపారు. దాంతో రాత్రి వేట చట్టం మార్చాలని రాజధానిలో విచారణ పెట్టారు. అంతకు ముందు పొలం యజమాని నోటి మాట చాలు. ఇకమీదట సంతకం పెట్టిన అనుమతి కాగితం వేటగాడి జేబులో ఉండాలని కొత్త ప్రతిపాదన. మా లోయ రైతులంతా దాన్ని తిట్టారు. వెర్లా ఒక్కతే బస్సు పనికి సెలవు పెట్టుకుని రాజధానికి వెళ్ళి, దానికి మద్దతుగా మాట్లాడింది.

“ముప్పై ఏళ్ళుగా చీకట్లో కాలుస్తున్నాను. చీకట్లో తుపాకీ పట్టుకున్న మనిషి జేబులో ఇంకో మనిషి పేరు ఉండాలి. తప్పు జరిగితే అడగడానికి ఒక్కడు కాదు, ఇద్దరుండాలి” అందట అక్కడ.

చట్టం వచ్చింది. కాగితం లేకుండా దొరికితే ఏడాదిపాటు లైసెన్సు రద్దు, తుపాకీ జప్తు, పైన జరిమానా. ఫారాలు నా బల్ల దగ్గరికే వచ్చాయి. ఆ ఏడాదివి పసుపు రంగు. మొదటి కట్టలోంచి తొమ్మిది ఫారాలు తీసుకున్నది వెర్లానే. లోయలో ఆమెను పిలిచే ఇళ్ళు తొమ్మిది.

ఆ తొమ్మిదింటిలో అన్నిటికన్నా దగ్గరిది రకర్ట్‌ల ఇల్లు. డేల్ రకర్ట్ భార్య కొరీన్, వెర్లా ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. కొరీన్ పెళ్ళికి తోడుపెళ్ళికూతురు వెర్లా. ఆర్నీ చనిపోయినప్పుడు పదకొండు రోజులు వెర్లా మంచం పక్కన నేల మీద పడుకున్నది కొరీన్. వాళ్ళిద్దరి సంగతి తెలిసినవాళ్ళెవరూ వాళ్ళ మధ్య కాగితం అవసరమవుతుందని అనుకోరు.

మార్చి నెలాఖరున వెర్లా ఫారంలో తన పేరూ చిరునామా తన చేత్తో నింపి రకర్ట్‌ల వంటింటికి వెళ్ళింది. డేల్ అప్పుడే గొర్రెల కొట్టంలోంచి వచ్చాడు.

“నీ చట్టం వచ్చేసిందిగా వెర్లా. ఇక నా పొలంలోకి రావాలంటే నా కాళ్ళు పట్టుకోవాలి” అన్నాడు నవ్వుతూ.

“నీ కాళ్ళు నాకెందుకు, ఆ చెయ్యి చాలు. సంతకం పెట్టు.”

“చేతులు చూడు ఎలా ఉన్నాయో. గొర్రె ఉమ్మనీరు ఇంకా ఆరలేదు. అక్కడ పెట్టి పో, రాత్రికి పెడతాను.”

టేబుల్ మీద పెట్టి వచ్చేసింది. రెండు రోజుల తర్వాత కొరీన్ ఫోనులో ఏవో కబుర్ల మధ్య, “ఇదిగోనే, నీ కాగితం మీద మావాడు సంతకం పెట్టాడు. ఇటు వచ్చినప్పుడు పట్టుకుపో” అని చెప్పింది. మిగతా ఎనిమిది ఇళ్ళ కాగితాలూ వెర్లా ప్లాస్టిక్ సంచిలో వేసి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. ఆ ఒక్కటీ ఎక్కడికీ పోదులే అనుకుంది.

ఏప్రిల్ తొమ్మిదో తారీకు సాయంత్రం కొరీన్ ఫోన్ చేసింది.

“నిన్నా ఇవాళా కలిపి ఏడు పిల్లల్ని లాక్కెళ్ళాయే. డేల్ రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. నువ్వు రాకపోతే ఈ రాత్రి ఇంకెన్ని పోతాయో.”

“వస్తున్నాను. కాగితం తీసి ఉంచు.”

“టేబుల్ మీదే ఉంది. కాఫీ కూడా పెట్టి ఉంచుతాను.”

వెర్లా ముందు ఇంటికే వెళ్దామనుకుంది. కానీ మలుపు దగ్గరికి వచ్చేసరికే కింది చేలోంచి గొర్రెల అరుపు వినిపించింది. ఇంటికి వెళ్ళి వచ్చేలోపు ఇంకో పిల్ల పోతుంది. బండి దిగి నేరుగా చేలోకి నడిచింది. ఆ ఒక్క పనిలో తప్పు తనదేనన్న సంగతి ఆమె ఎప్పుడూ దాచలేదు. తన చట్టాన్ని తనే ఇరవై నిమిషాలు పక్కన పెట్టానని కోర్టులో కూడా చెప్పింది.

రెండు కయోటీలను కొట్టింది. రెండోదాన్ని తోక పట్టుకుని కంచె దగ్గరికి ఈడ్చుకు వస్తుంటే రోడ్డు మీద ఒక బండి ఆగింది. వేట శాఖ వార్డెన్ బ్రెనెకె దిగాడు. ఆ చలికాలమే మా లోయకు బదిలీ మీద వచ్చిన మనిషి. మర్యాదస్తుడు.

“దీపం కనపడితే ఆగానమ్మా. కాగితం చూపిస్తారా?”

వెర్లా ఎనిమిది కాగితాలూ తీసింది. “ఈ పొలందీ ఉంది. వాళ్ళ ఇంట్లో ఉంది. నడవండి, చూపిస్తాను. కాఫీ కూడా తాగుదురుగాని.”

ఇద్దరూ వెళ్ళి తలుపు కొట్టారు. డేల్ తలుపు సగం తీసి నిలబడ్డాడు. వెనక వంటింటి వెలుగులో కొరీన్ కనపడుతోంది.

“రకర్ట్ గారూ, ఈవిడకి మీ పొలంలో రాత్రి కాల్చడానికి అనుమతి కాగితం ఇచ్చారా?”

డేల్ వెర్లా వైపు చూడలేదు. “కాగితమా? నేనేం ఇవ్వలేదే” అన్నాడు.

“ఆమెను రమ్మని పిలిచారా?”

“లేదండీ.”

వెర్లా నవ్వింది. డేల్ వేళాకోళం ఆడుతున్నాడనే అనుకుంది. “చాల్లే డేల్. కొరీన్, ఆ కాగితం ఇలా అందుకో” అంది.

కొరీన్ కదిలింది. టేబుల్ దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయి, ఏదో సర్దుతున్నట్టు చేతులు ఆడించి, అటు తిరిగి నిలబడింది. డేల్ తలుపు మూశాడు.

ఇద్దరూ తిరిగి బండి దాకా నడిచారు. వార్డెన్ తుపాకీ తీసుకుని రసీదు రాసిచ్చాడు. అది వెర్లా తండ్రి తుపాకీ. ఇచ్చేటప్పుడు గుళ్ళు తీసి, గుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది.

ఏప్రిల్ ఇరవై నాలుగున కేసు విచారణకు వచ్చింది. వెర్లా వకీలును పెట్టుకోలేదు. జరిగింది జరిగినట్టు చెబితే సరిపోతుందనుకుంది. జడ్జి ఫెల్టన్ ఎత్తు కుర్చీలో, ఆయన కింద నేను, ఎదురుగా రెండు బెంచీల నిండా లోయ జనం.

డేల్ వచ్చి ఇంటి గుమ్మంలో చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు. తర్వాత కొరీన్ వచ్చింది. చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుంది. కౌంటీ వకీలు అడిగాడు.

“ఆ సాయంత్రం మీరు వెర్లాకు ఫోన్ చేశారా?”

“చేశాను.”

“దేని గురించి?”

“ఆదివారం చర్చిలో భోజనాల గురించి. ఎవరు ఏం వండి తేవాలో మాట్లాడుకున్నాం.”

నా వేళ్ళు ఆగిపోయాయి. ఆ ఆదివారం మా చర్చిలో భోజనాలు లేవు. అసలు ప్రార్థనే లేదు. పాస్టరు గారు కూతురి పెళ్ళికి ఊరెళ్ళారు. తలుపు మీద ‘ఈ వారం సెలవు’ అని అట్ట తగిలించింది నేనే. ఆ బెంచీల్లో ఉన్నవాళ్ళలో కనీసం పదిమందికి ఆ సంగతి తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. నేను కొరీన్ అన్నది అన్నట్టే టైపు చేశాను. గుమాస్తా కోర్టులో మాట్లాడకూడదన్నది రూలు. ఆ రోజు ఆ రూలు నాకు ఎంత చల్లగా అనిపించిందో చెప్పలేను.

“మీరు సాక్షిని ఏమైనా అడుగుతారా?” అని జడ్జి వెర్లాను అడిగాడు.

వెర్లా లేచింది. “కొరీన్, ఆ మాట నన్ను చూసి చెప్పవే” అంది.

కొరీన్ జడ్జి వెనక ఉన్న జెండా వైపు చూస్తూ కూర్చుంది. వెర్లా గదంతా ఒకసారి చూసింది. ఆ చూపు నా దగ్గరికి వచ్చి నిలిచింది. నేను తల వంచుకుని అచ్చుతప్పులు దిద్దుకుంటున్నట్టు నటించాను.

“అడగడానికేం లేదండీ” అని కూర్చుంది.

లైసెన్సు ఏడాది రద్దయింది. తుపాకీ జప్తు చేసి, జరిమానా వేశారు. బడి వాళ్ళు సమావేశం పెట్టి, తుపాకీ కేసులో శిక్ష పడ్డ మనిషి అంటూ, వేసవి సెలవుల దాకా బస్సు మీదనుంచి తప్పించారు. ఆమె నడిపే దారిలో వేరే ఊరి మనిషి నడిపాడు. మంచు కరిగిన బురదలో రెండుసార్లు బస్సు దిగబడింది.

డేల్ ఎందుకలా చేశాడో జూన్ నెలలో తెలిసింది. రకర్ట్‌ల కంచె పొడుగునా ఒక వేట కంపెనీ పచ్చ బోర్డులు వెలిశాయి. ఆ చలికాలమే డేల్ తన నేల మీద వేట హక్కులన్నీ ఒక కంపెనీకి రాసిచ్చాడు. నగరంలోని డబ్బున్నవాళ్ళను తీసుకొచ్చి, చీకట్లో వేడిని చూపించే దుర్భిణులు బిగించిన తుపాకులు చేతికిచ్చి, కయోటీ వేట ఆడించే కంపెనీ అది. తమ మనుషులు తప్ప వేరెవరూ ఆ నేల మీద వేటాడకూడదన్నది వాళ్ళ షరతు. వెర్లాకు అనుమతి ఇచ్చానని వార్డెన్ ముందు ఒప్పుకుంటే ఆ ఒప్పందం పోతుంది. తలుపు సగం తీసిన ఆ నాలుగు క్షణాల్లో డేల్ ఆ లెక్క వేసుకున్నాడు.

వెర్లా ఆ బోర్డులు చూసి నాతో ఒక్కమాటే అంది. “డేల్ సంగతి అర్థమయింది. మగాడు నేల చూసుకున్నాడు. మరి ఆ కొరీన్‌కేమొచ్చింది?”

మరుసటి ఏడు ఏప్రిల్ ఇరవై ఎనిమిది. లైసెన్సు రద్దయి ఏడాది నిండి నాలుగు రోజులయింది. ఆ రోజు సాయంత్రం కొరీన్ ఒక సీసాడు చోక్‌చెర్రీ అనే అడవి పళ్ళ జెల్లీ పట్టుకుని వెర్లా ఇంటి మెట్లెక్కింది. ఏడాదిలో అదే మొదటిసారి.

“లోపలికి రానిస్తావా?”

“తలుపు తీసే ఉంది.”

కొరీన్ కూర్చుని చేతులు నలుపుకుంది. “పిల్లలు పోతున్నాయే. ఈసారి పోయినేడాదికన్నా ఎక్కువ. ఆ కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే, ఏప్రిల్లో రావడం ఒప్పందంలో లేదన్నారు. బొచ్చు బాగుండే చలికాలంలోనే వస్తారట. ఒక రాత్రికి రారాదూ? డేల్ తన తుపాకీ ఇస్తానన్నాడు.”

“కాగితం?”

“తెచ్చాను.” కొరీన్ సంచిలోంచి మడత కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది.

పసుపు ఫారం. ఈ ఏడాది ఫారాలు తెల్లవి. పసుపు ఫారం మీద వెర్లా చేతిరాతతో వెర్లా పేరు, వెర్లా చిరునామా. కింద నల్ల సిరాతో డేల్ సంతకం, మార్చి ముప్పయ్యో తారీకు. ఏడాది అంకె ఒక్కటే నీలం సిరాతో దిద్ది ఉంది.

వెర్లా దాన్ని చేతిలోకి తీసుకోలేదు. కళ్ళతోనే చదివింది.

“ఎప్పుడు పెట్టాడు ఈ సంతకం?”

“నువ్విచ్చి వెళ్ళిన రాత్రే.”

“అయితే వార్డెన్ వచ్చిన రాత్రి ఇది టేబుల్ మీదే ఉంది.”

కొరీన్ జెల్లీ సీసాను టేబుల్ మీద కొంచెం ముందుకు జరిపింది. “ఉంది. దాని మీద నేను రొట్టెల పళ్ళెం పెట్టాను.”

వెర్లా అరవలేదు. లేచి కాఫీ పెట్టింది. కొరీన్‌కు ఒక కప్పు పోసింది. తనకు పోసుకోలేదు. “రాత్రికి రాలేను. కాగితం ఇక్కడే ఉంచు” అంది. కొరీన్ కాఫీ సగం తాగి, కాగితం అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

మర్నాడు పిల్లల్ని బడి దగ్గర దింపి, బస్సు కోర్టు ముందు నిలిపి నా బల్ల దగ్గరికి వచ్చింది. కాగితం నా ముందు పెట్టి, కేసు తిరగదోడాలని దరఖాస్తు రాయించుకుంది. రాయడం అయ్యాక అడిగింది.

“ఐరిస్, ఆ ఆదివారం చర్చి మూసి ఉందని నీకు తెలుసు కదా?”

“తెలుసు.”

“నేను నీ వైపు చూశాను.”

“చూశావు. నేను గుమాస్తాని వెర్లా, ఆ గదిలో నేను...”

“సరే. ముద్ర వెయ్యి” అంది.

వేశాను. ముద్ర వంకరగా పడింది.

జడ్జి ఫెల్టన్ శిక్ష కొట్టేశాడు. తుపాకీ తిరిగి ఇమ్మన్నాడు. డేల్ “అప్పుడు గుర్తు లేదండీ” అన్నాడు. అబద్ధపు సాక్ష్యానికి అతనికి జరిమానా పడింది. కొరీన్ మీద కూడా కేసు పెట్టవచ్చని కౌంటీ వకీలు అన్నాడు కానీ, కాగితం తెచ్చింది ఆమే కాబట్టి వదిలేశారు. ఈ సంగతి తెలిసి కంపెనీ ఒప్పందం రద్దు చేసుకుంది. పచ్చ బోర్డులు ఊడిపోయాయి.

అక్కడితో కథ తేలిపోయి ఉంటే బాగుండేది. మా లోయ అలా తేలనివ్వలేదు. దాణా కొట్టులో పొద్దున్నే కాఫీ తాగే జనం నోట ఇంకో మాట మొదలయింది.

“శిక్ష ఎలాగూ అయిపోయింది కదా. ఇప్పుడు కోర్టుకెక్కి ఏం బావుకుంది?”

“స్నేహితురాలు నమ్మి ఇంటికి కాగితం తెస్తే, దాన్నే పట్టుకెళ్ళి మొగుడి మెడకు చుట్టింది.”

“ఆ చట్టం తెచ్చింది ఎవరంటావ్? ఆవిడే.”

మొదటి కోర్టు రోజున ఆ బెంచీల్లో కూర్చుని చర్చి సంగతి మింగేసినవాళ్ళే ఈ మాటలు ఎక్కువ అన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళను ఎవరూ తప్పు పట్టలేదు. కాలిన తెప్పను చూపించిన మనిషినే తప్పు పట్టారు. ఆ తర్వాతి ఏడు వెర్లా మళ్ళీ తొమ్మిది ఫారాలు తీసుకుని ఇళ్ళకు వెళ్ళింది. ఒకరు, ఈసారి కుక్కల్ని పెంచుతున్నామన్నారు. ఒకరు, మా మేనల్లుడు కాలుస్తాడన్నారు. హాల్వర్‌సన్ గుమ్మంలోనే నిలబెట్టి, “నీకు సంతకం పెడితే రేపు అది ఎక్కడ తేలుతుందో అని భయం వెర్లా” అన్నాడు. చచ్చిపోయిన గుర్రం అతనిది. రాజధానిలో ఆమె మాట్లాడింది అతని గుర్రం గురించి.

తొమ్మిది ఫారాలూ ఖాళీగా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. “వేరేవాళ్ళకి ఇచ్చుకో, పాడవలేదు” అంది.

కొరీన్ ఒకసారి దాణా కొట్టు బయట ఆమెను ఆపడం నేను చూశాను. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను.

“అదే కాగితం ఎందుకు తెచ్చానో నీకు అర్థం కాలేదా? డేల్ కొత్తది రాస్తానన్నాడు. నేనే వద్దని అది పట్టుకొచ్చాను. నీకు తెలియాలనే.”

“నాకు ముందే తెలుసు కొరీన్. తలుపు మూసిన రాత్రే తెలుసు. తెలియాల్సింది జడ్జికి. నీకు నోరుంది, నీలం గౌను వేసుకుని వచ్చావు, కుర్చీ వేసి కూర్చోబెట్టారు.”

“నాకు ముప్పై నాలుగేళ్ళ కాపురమే.”

“మన స్నేహానికి నలభై ఎనిమిది” అని వెర్లా బండెక్కింది.

ఇప్పుడామె ఏప్రిల్లో నది దాటి, గంటన్నర బండి నడుపుకుని పక్క కౌంటీకి వెళుతుంది. అక్కడ ఎట్చెపారె అన్నదమ్ములని, స్పెయిన్ కొండల నుంచి వచ్చిన బాస్క్ జాతి గొర్రెల కాపర్లు ఉన్నారు. ఎక్కడో విని ఆమెకు కబురు పంపారు. అనుమతి మూడు ప్రతులు రాసి, మూడింటి మీదా ఇద్దరూ సంతకాలు పెట్టి, ఒకటి ఆమె చేతికిచ్చాక గానీ గేటు తియ్యరట. పని అయ్యాక వాకిట్లోనే జున్నూ రొట్టే ఇచ్చి పంపేస్తారట. ఇంట్లోకి పిలవరు.

“అలా గుమ్మం బయటే నిలబెడితే నీకు ఎలాగో ఉండదూ?” అని అడిగాను.

“వాళ్ళు నాకు ఏమీ కారు ఐరిస్. హాయిగా ఉంది” అంది.

పోయిన నెలలో నేను ఉద్యోగం మానేశాను. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి రమ్మని వెర్లాను పిలిచాను. బస్సు అద్దం తుడుస్తూ వింది. గుడ్డ పిండి, రెండు మడతలు పెట్టి సీటు కింద దోపింది.

“చూద్దాం” అంది.

మా లోయలో ‘చూద్దాం’ అంటే రానని.